బాలన్న గుండెలో మోత

గురువారం వచ్చిందంటే బాలన్న పొద్దున్నే తన గొర్రెల్ని పెద్దసుబ్బమ్మ మందలో కలిపి, తలకు నీళ్ళు పోసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఎనిమిదిన్నర బస్సుకు జమ్మలమడుగు పోయేవాడు. కండక్టర్ అమీర్ బాషా అతనికోసం వెనక సీటు పట్టి ఉంచేవాడు.

"ఆడ కూకో బాలన్నా. పోయిన వారం నీ మోతకు ముందు సీట్లో ముసల్ది ఒళ్ళో కోడిని కిటికీలోంచి బయటికి ఇసిరేసింది. మల్ల బస్సు ఆపి, ఆ కోడెంబడి నేను ఉరకల్సి వచ్చె."

"తప్పయిపోయిందప్పా," అనేవాడు బాలన్న.

"నువ్వేం చేస్తావులే," అని టికెట్టు కొట్టిచ్చి అమీర్ బాషా ముందుకు పోయేవాడు.

రెండేళ్ళ కిందట ఊరి పక్క పారే వంక దగ్గర బాలన్న అన్న యల్లయ్యను చంపిన నాటుబాంబు మోత, ఆ రోజునుంచి బాలన్న గుండెలోనే ఉండిపోయింది. రోజుకు మూడు నాలుగుసార్లు, వేళాపాళా లేకుండా పేలేది. పొగ రాదు, నిప్పు రాదు, మోత ఒక్కటే. వీధి ఆ చివరి దాకా వినిపించేది. ఊరివాళ్ళు దానికి ఎప్పుడో అలవాటుపడ్డారు. పెండ్లిళ్ళకు పిలిచేటప్పుడు తాళి కట్టడం అయినాక రమ్మని చెప్పేవాళ్ళు. పరీక్షల వారంలో బడి ముందు గొర్రెల్ని తోలవద్దని పంతులు బతిమాలుకున్నాడు. గొర్రెలైతే మేత మీదనుంచి తల కూడా ఎత్తేవి కావు. అలవాటు కానిది బాలన్న ఒక్కడికే. మోత వచ్చే ముందు అతని మెడ నరాలు బిగుసుకుపోయేవి, రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని ఎక్కడున్నవాడు అక్కడే ముడుచుకుపోయేవాడు. నిద్ర పట్టేది కాదు. సంగటి ముద్ద గొంతు దిగేది కాదు. సారాయి తాగినా మోత తగ్గలేదు, పైగా ఇంట్లో వదినకు ముఖం చూపించలేని సిగ్గొకటి తోడయింది.

వదిన ఓబమ్మ అతనితో మాట్లాడి రెండేళ్ళయింది. పొద్దున, సాయంత్రం అరుగుమీద అన్నం తట్ట పెట్టి లోపలికి పోయేది. తిట్టలేదు, అరవలేదు. బాంబు పడినప్పుడు మరిది తన మొగుణ్ణి వదిలిపెట్టి పొద్దుతిరుగుడు చేన్లోకి ఉరికినాడని ఊరందరికీ తెలిసినట్టే ఆమెకూ తెలుసు. ఆ మాట ఆమె అననూ లేదు, మరిచిపోనూ లేదు.

చివరికి ఒకరోజు బాలన్న జమ్మలమడుగులో పాత మిషన్ ఆస్పత్రికి పోయినాడు. డాక్టరు గుండెమీద గొట్టం ఆనించేసరికి మోత పేలింది. ఆయన గొట్టం చెవుల్లోంచి పీకేసుకుని, కాసేపు చెవి రుద్దుకుని, "నీకు మాత్రల కంటే సరోజమ్మ మేలు చేస్తాది. గురువారం గురువారం కూచుంటాది, పో," అన్నాడు.

సరోజమ్మ ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసి దిగిపోయిన మనిషి. మందపాటి అద్దాలు, తెల్లచీర, కీళ్ళవాపుతో వంకరపోయిన వేళ్ళు. ఒకప్పుడు కట్ల గుడ్డలు చుట్టి పెట్టే చిన్న గదిలో రెండు కుర్చీలు, ఒక నీళ్ళకుండ పెట్టుకుని, మనసు బాగలేనివాళ్ళ మాటలు వినేది. ఏ ఊరని అడిగేది గానీ ఏ పార్టీ అని ఎప్పుడూ అడిగేది కాదు. ఆ గది బయట బల్లమీద, ఊర్లో ఎదురుపడితే కత్తులు దూసుకునే ఇండ్ల ఆడవాళ్ళు పక్కపక్కన కూచుని తమ వంతుకోసం ఎదురుచూసేవాళ్ళు.

మొదటి గురువారమే ఆ గదిలో మోత పేలింది. కుండమీది గ్లాసు కిందపడి దొర్లింది. బాలన్న చెవులు మూసుకుని నేలమీద ముడుచుకున్నాడు. కండ్లు తెరిచేసరికి సరోజమ్మ కూడా కిందనే, అతని ఎదురుగా కూచుని ఉంది.

"నీకు భయం కాలేదామ్మా?" అన్నాడు.

"శానా అయింది నాయనా. ఇదిగో సూడు, చేతులు ఇంకా వణుకుతాండాయి. భయమైనా కూకున్యా."

రెండేళ్ళలో మోత పేలినా అతని దగ్గర కూచున్న మొదటి మనిషి ఆమె.

ఆమె చెప్పినవన్నీ చిన్న చిన్న పనులు. మెడ బిగుసుకున్నప్పుడు ఊపిరి ఎట్లా తీయాలో నేర్పింది. "సాయంత్రం దొడ్లోకి గొర్రెల్ని లెక్కపెట్టి తోలుతావు గదా. ఊపిరి లోపలికి తీసేటప్పుడు నాలుగు గొర్రెలు లోనికి రానీ. ఇడిసేటప్పుడు ఆరు గొర్రెల్ని బయటికి పోనీ. తొందరపెట్టాకు, గొర్రెలు బెదురుతాయి." తడిగుడ్డ ఒకటి దగ్గర పెట్టుకుని, మోత అయిపోగానే ముఖం తుడుచుకుని, కండ్లముందు ఏమేం కనిపిస్తాయో వాటి పేర్లు పైకి చెప్పమంది. ఆకలి లేకపోయినా వేళకు నాలుగు ముద్దలు తినమంది. సారాయి మానమని ఆజ్ఞ వేయలేదు, తాగిన రోజు మోత ఎన్నిసార్లు వచ్చిందో, తాగని రోజు ఎన్నిసార్లు వచ్చిందో నువ్వే చూడమంది. అతను చూసి, తనంతట తనే మానినాడు.

ఇవన్నీ చేస్తూనే, ప్రతి గురువారమూ, ఆ రోజు జరిగింది మొదటినుంచి చెప్పమనేది.

"పొద్దున లేసినాం. ఓట్లప్పుడు అన్న పార్టీ ఏజెంటుగా కూకోవల్లంటే కాగితాలు ఇయ్యల్లని మండలాఫీసుకు పోయినాం. వచ్చేటప్పుడు అన్న బొరుగులు కొనిపిచ్చె. తింటా నడుస్తాండాం. వంక కాడికి వచ్చినాం..."

అక్కడికి రాగానే మోత పేలేది. సరోజమ్మ నీళ్ళిచ్చేది. "ఈ పొద్దుకు ఇంత సాలు," అనేది. నాలుగు నెలలు ఆ కథ వంక దాటలేదు. ఆమె ఒక్కనాడు కూడా విసుక్కోలేదు. బొరుగుల్లో ఉప్పు ఎక్కువైందన్న సంగతి, యల్లయ్య కొత్త చెప్పు కరిచి కుంటుతూ నడిచిన సంగతి, ప్రతిసారీ అప్పుడే వింటున్నట్టు వినేది.

పంచాయితీ ఎలక్షన్లు దగ్గరపడినాయి. బాంబు వేసిన కేసులో జైల్లో ఉన్న ఓబులయ్యకు బెయిలు వచ్చిందని, శనివారం ఊరికి వస్తున్నాడని కబురు పాకింది. అతను అవతలి పార్టీ మనిషి, వంకకు ఆ పక్క వీధిలో ఇల్లు. యల్లయ్య ఉండిన ఇవతలి పార్టీకి పెద్దాయన బుధవారం బాలన్నను పిలిపించినాడు.

"శనివారం పొద్దున మన కల్లంలోకి రా. నువ్వు కత్తి పట్టే పన్లేదు. మనోళ్ళ మధ్యలో నిలబడు, సాలు. నీ గుండెలో మోత వింటే ఒక్కొక్కనికీ రక్తం ఉడుకుతాది. మీ వదిన్ని గూడా రమ్మని చెప్పి పంపించినా."

పెద్దాయన ఆ పని అంతకుముందూ ఒకసారి చేసినాడు. యల్లయ్య దినాలు అయిన మరునాడు బాలన్నను జీపు మీద నిలబెట్టినాడు. మోత విన్న మనుషులు ఆ సాయంత్రమే పోయి అవతలివాళ్ళ చీనీతోటలో రెండువందల బత్తాయి చెట్లు నరికినారు. ఈసారి వాళ్ళు పోయేది చెట్ల మీదికి కాదని బాలన్నకు తెలుసు. రానని అనే ధైర్యం అతనికి లేదు. అన్నను వదిలి ఉరికినవాడికి నోరెక్కడిది?

గురువారం సరోజమ్మ ముందు కూచుని అతను పెద్దాయన మాట చెప్పలేదు. కథ మొదలుపెట్టినాడు. మండలాఫీసు, బొరుగులు, కుంటుతున్న అన్న. వంక వచ్చింది. మెడ బిగుసుకుంది. నాలుగు గొర్రెల్ని లోపలికి రానిచ్చినాడు, ఆరింటిని బయటికి పోనిచ్చినాడు. మోత రాలేదు.

"బాంబు పడింది. దుమ్ము లేసింది. అన్న కింద పన్యాడు. నేను... నేను ఉరికినానమ్మా. అన్నను ఇడ్సిపెట్టి ఉరికినా. తిరిగి గూడా సూడల్యా."

అతను ఏడ్చినంతసేపూ ఆమె అతని మోచేతిమీద చెయ్యి వేసి ఉంచింది. బయట బల్లమీదివాళ్ళకు ఆలస్యమవుతోందని ఆయా తలుపు తీయబోతే, చేత్తోనే ఆగమంది.

అతని ఏడుపు ఆగినాక అడిగింది. "మోత వచ్చినప్పుడు ఎప్పుడూ చెవులు మూసుకుంటావు గదా నాయనా?"

"వినలేనమ్మా."

"రెండేండ్లుగా దాని మొదలే వింటాండావు. అది అయిపోయినాక ఏముందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఈసారి వచ్చినప్పుడు చెవులు మూసుకోవాకు. నేను పక్కనే ఉండానని అనుకో."

శనివారం పొద్దున కల్లంలో నలభైమంది దాకా చేరినారు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. జీపు వెనక గోనెసంచుల్లో ఏమున్నాయో అందరికీ తెలుసు గనుక ఎవరూ అటు దగ్గరగా నిలబడలేదు. ఓబమ్మను ఒక కుర్చీలో కూచోబెట్టినారు. ఆమె కొంగు తలమీదికి లాక్కుని నేల చూస్తోంది. పెద్దాయన బాలన్న భుజం పట్టుకుని మధ్యకు తెచ్చినాడు.

"ఇనండప్పా! యల్లయ్యకు ఏం జరిగిందో మీ చెవులారా ఇనండి."

బాలన్న మెడ నరాలు బిగుసుకున్నాయి. చేతులు వాటంతట అవే పైకి లేచినాయి. చెవులదాకా పోయిన చేతుల్ని అతను బలవంతంగా కిందికి దించి, నడుం పక్కన పెట్టుకున్నాడు.

మోత వచ్చింది. ఎండకు ఉలవకాయ చిట్లినంత చిన్నగా వచ్చింది. వెనక నిలబడినవాళ్ళకు అసలు వినపడనే లేదు. పెద్దాయన మొహం మాడింది. "ఏందిరా ఇది?" అనబోయినాడు.

బాలన్న గుండెలో దుమ్ము రాలుతున్న చప్పుడు వినిపించింది. చిన్నచిన్న రాళ్ళు వంక నీళ్ళల్లో పడుతున్న చప్పుడు. ఆ తర్వాత ఒక గొంతు. కొండమీదనుంచి మందను పిలిచే గొంతు, ఆ ఊళ్ళో పసిపిల్లలు కూడా గుర్తుపట్టే గొంతు.

"ఉరకరా బాలా! తిరిగి సూడాకు, ఉరుకు! నువ్వన్నా బతకరా!"

ఆ గొంతు కల్లంలో ఉన్న అందరికీ వినిపించింది. బాలన్న రెండేళ్ళుగా తన చెవులను తనే మూసుకుని, అన్న చివరి మాట తన లోపలే ఉందని ఎరగక బతికినాడు. అన్న తిట్టలేదు. అన్న వెనక్కు పిలవలేదు. అన్నే పొమ్మన్నాడు.

ఓబమ్మ కుర్చీలోంచి లేచింది. నలభైమంది మగవాళ్ళ మధ్యనుంచి నడిచి వచ్చి, మరిది గుండెమీద అరచెయ్యి పెట్టింది.

"ఇంగొక్కసారి," అంది. రెండేళ్ళ తర్వాత అతనితో ఆమె అన్న మొదటి మాట అది.

గుండె మళ్ళీ పలికింది. ఓబమ్మ ఆ గొంతును చివరిదాకా వినింది. వినేటప్పుడు ఆమె నోరు, మొగుడి మాటకు జవాబు చెబుతున్నట్టు చిన్నగా కదిలింది. తర్వాత కొంగుతో బాలన్న ముఖం తుడిచి, "పాపోడా, ఎంత మోసినావురా," అని చెయ్యి పట్టుకుని కల్లం బయటికి నడిపించుకుపోయింది.

వాళ్ళ వెనకాల ఒకడు తలగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. ఇంకొకడు చెప్పులు వెతుక్కున్నాడు.

"యాడికిరా పోతాండారు?" అని పెద్దాయన అరిచినాడు.

"గొర్రెలు తోలుకోవల్లన్నా. పొద్దెక్కింది," అన్నాడు ముందు పోతున్నవాడు. మిగిలినవాళ్ళు ఆ మాట కూడా అనలేదు. మధ్యాహ్నానికి కల్లంలో పెద్దాయన, జీపు డ్రైవరు మిగిలినారు. పన్నెండున్నర బస్సులో ఓబులయ్య దిగి, ఎవరూ అడ్డం రాకపోవడానికి ఆశ్చర్యపడుతూ, ఇంటికి చేరుకున్నాడు. ఆ ఎలక్షన్లు ఆ ఊళ్ళో ఒక్క మనిషి కూడా చావకుండా జరిగినాయి.

తర్వాత బాలన్న గుండెలో మోత తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. అన్న గొంతు మాత్రం కొన్నాళ్ళు, కొండ ఎక్కేటప్పుడు ఆయాసంతో కలిసి వినిపించేది. తర్వాత ఆ గుండె అందరి గుండెల్లాగే కొట్టుకుంది. గురువారం బస్సులో ఓబమ్మ కూడా ఎక్కడం మొదలుపెట్టింది. మొదట తన దుఃఖం చెప్పుకోవడానికి పోయింది. తర్వాత సరోజమ్మకు కండ్లు సరిగ్గా కనపడక, నడవలేక, పల్లెలకు పోయి రావడానికి మనిషి కావలసి వస్తే, "నేను పోతా," అంది. ఎట్లా కూచోవాలో, ఎప్పుడు మాట్లాడకూడదో, ఏడ్చేవాళ్ళను ఏడవనివ్వడం ఎట్లాగో సరోజమ్మ దగ్గర ఏడాదిపాటు నేర్చుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం బాలన్నను సైకిలు తీయమంది. వెనక కూచుని వంక దాటించమంది. అవతలి వీధిలో ఓబులయ్య ఇంటి ముందు ఆపమంది.

"వదినా, ఈడికా?"

"ఆయప్ప బెయిలు మీద వచ్చినప్పట్నుంచి గోడకు మొగం పెట్టి కూకున్యాడంట. పెండ్లాం గోవిందమ్మతో గూడా పలకడంట. సరోజమ్మ కాడికి రమ్మంటే ఆమె సిగ్గుపడి రాలేదు."

బాలన్న సైకిలు పట్టుకుని వీధిలోనే నిలబడినాడు. ఓబమ్మ మెట్టెక్కి తలుపు తట్టింది. తలుపు తీసిన గోవిందమ్మ ఎదురుగా ఉన్న మనిషిని చూసి, ద్వారబంధం గట్టిగా పట్టుకుంది. ఆమె పెదవులు పాలిపోవడం వీధిలోంచి బాలన్నకు కనిపించింది.

"ఎందుకొచ్చినావు?" అంది.

"మీ ఇంట్లో కాసేపు కూకుందామని వచ్చినా," అంది ఓబమ్మ.

గోవిందమ్మ ద్వారబంధం వదిలి పక్కకు జరిగి, లోపల గోడకు ఆనించి ఉన్న చాపను తీసుకుని, దుమ్ము దులిపి, పరిచింది.

"మూన్నాళ్ళాయె ఆయన కూడు ముట్టక," అని మొదలుపెట్టింది.

ఓబమ్మ చెప్పులు మెట్టుమీద వదిలి లోపలికి పోయింది.