రెండో ఫిల్మ్

మా ఇంట్లో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. మా నాయిన మగ్గం ముందు కూర్చుని నేస్తూనే ఊరందరి కథలూ చెప్పేవాడు. నాకు దొరికిందేమో నోరు మూసుకునే నౌకరీ. నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖానలో ఎక్స్‌రేలు తీసేవాణ్ణి. ఫిల్మ్ కడిగేది నేనే, మొదట చూసేదీ నేనే. చూసింది చెప్పే హక్కు మాత్రం డాక్టరుది. సాయంత్రం కిరాయి గదికి పోతే అక్కడ మాట్లాడ్డానికి మనిషే లేడు. ఆరేళ్లు అలాగే గడిచాయి.

అది ఎనభై నాలుగు. కడుపులో పిల్లల్ని చూసే స్కానింగ్ మిషన్లు హైదరాబాద్‌లోనే ఉండేవి. తప్పనిసరైతే మాకు ఎక్స్‌రేనే దిక్కు. ఒక సోమవారం దిల్షాద్ అనే అమ్మాయి గురువారాలు మాత్రమే మా దవాఖానకు వచ్చే డాక్టరమ్మ రాసిన చీటీ పట్టుకుని ఒక్కతే వచ్చింది. ఎనిమిదో నెల. భర్త కరీం లారీ మీద పోయి ఇరవై రోజులైందట, ఎప్పుడొస్తాడో తెలియదట. కవలలేమోనని డాక్టరమ్మకు అనుమానం.

చీకటిగదిలో ఎర్రబల్బు కింద, మందునీళ్లలోంచి ఫిల్మ్ పైకెత్తాను. రెండు తలలు, ఒకే ఎత్తులో, ఎదురెదురుగా. వెన్నులు రెండూ వెనక్కి వంగి ఉన్నాయి. మామూలు కవలలు ఇట్లా ఉండరు, చెరో దిక్కు సర్దుకుంటారు. చదువుకునేటప్పుడు పుస్తకంలో ఇలాంటి బొమ్మ చూశాను. అతుక్కున్న పిల్లలది. ఖాయం చేసుకోవాలంటే తల్లిని కాసేపు నడిపించి ఇంకో ఫిల్మ్ తీయాలి. విడివిడిగా ఉన్నవాళ్లయితే ఎంతో కొంత జరుగుతారు. అతుక్కున్నవాళ్లు ఎన్నిసార్లు తీసినా అలాగే కనిపిస్తారు.

బయటికి వచ్చి, "ఇద్దరున్నరమ్మా. ఒకరికొకరు ఆనుకోని ఉన్నరు. జర నడువు, జరుగుతరేమో. మళ్ల తీస్త" అన్నాను.

ఇద్దరనగానే ఆమె ముఖం వెలిగింది. దవాఖాన ముందు గంటసేపు అటూ ఇటూ తిరిగింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని వాళ్లతో ఏదో మాట్లాడుతూనే ఉంది. దేవుడికి దండం పెట్టే అలవాటు లేని నేను ఆ గంటలో పెట్టాను. రెండో ఫిల్మ్‌లో వాళ్లు వెంట్రుకవాసి కూడా జరగలేదు.

"జరిగిన్రా అన్నా?"

"ఇంకా లేదు."

"ఇంక నడువాల్నా?"

"నడువు, మంచిదే. గురువారం డాక్టరమ్మ చెప్తది."

నాలాంటి పిరికివాడు ఇంకొకడు ఉండడు. ఆ మూడు రోజులూ హోటల్లో నలుగురి మధ్య కూర్చుని చాయ్ తాగాను. బస్సుల గురించి, వానల గురించి మాట్లాడాను. కన్నతల్లికి తెలియని సంగతి, లారీ మీదున్న తండ్రికి తెలియని సంగతి, నాకొక్కడికే తెలుసు. అంత ఒంటరితనం నేను ఎన్నడూ ఎరగను.

గురువారం డాక్టరమ్మ కంటే ముందే దిల్షాద్ వచ్చింది. మోకాళ్ల దాకా దుమ్ము. పాదాలు వాచి, చెప్పులు చేతిలో ఉన్నాయి. బస్సు చెడిపోయిందేమో అనుకున్నాను.

"నడిచే వచ్చిన" అంది. వాళ్ల ఊరు నార్కట్‌పల్లి తొవ్వలో ఎనిమిది మైళ్లు. "నువ్వు చెప్పినకాడి నుంచి రోజు నడుస్తనే ఉన్న. మా అత్త తిడతాంది, అయినా ఆపలే. ఇయ్యాల పొద్దుగాల్నే బయలెల్లిన. ఇప్పుడు జరిగి ఉంటరు. జర ఇంకోటి తియ్యన్నా."

నేను పిలవకుండానే లోపలికి పోయి బల్ల ఎక్కి పడుకుంది. మిషన్ పక్కన నిలబడ్డాను. మిషన్ ఆన్ చేయలేదు. హక్కూ లేదు, గిక్కూ లేదు అనుకున్నాను.

"దిగమ్మా. ఇంకోటి తీసి ఫాయిదా లేదు. ఇద్దరూ ఛాతీ కాడ కలిసే ఉన్నరు. నడిస్తే విడిపోయేది కాదది. నాకు సోమవారమే తెల్సు."

ఆమె లేచి కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మరి నన్నెందుకు నడువమన్నవ్?"

"చెప్పనీకి నోరు రాలే" అన్నాను. అది నిజమే. నిజమైనంత మాత్రాన ఆ వాచిన పాదాలకు అది జవాబవుతుందా?

పదకొండింటికి డాక్టరమ్మ వచ్చింది. తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడింది. పిల్లలు దక్కే ఆశ తక్కువని దాచకుండా చెప్పి, హైదరాబాద్ పెద్ద దవాఖానకు ఉత్తరం రాసిచ్చింది. ఫిల్ములు రెండూ కవరులో పెట్టి నేను గేటు దాకా వెంట వెళ్లాను. 

"నార్కట్‌పల్లి బస్సు ఏడ ఆగుతదన్నా?"

"గా మలుపు కాడ. అరగంటల వస్తది."

కవరు తీసుకుని చెప్పులు వేసుకుంది.

"బస్సుల్నే పోత" అంది. "ఇగ నడిచి ఏం చేస్త."