కుంటి రాణి

స్వాతి చిన్నతనంలోనే తల్లి పోయింది. తండ్రి దేవదాసు రైల్వే గార్డు. మరుసటి ఏడే గుడివాడ వైపు నుంచి అన్నమ్మను చేసుకుని రాయ్‌పూర్ తీసుకొచ్చాడు. అన్నమ్మ నర్సు. పోలియో వచ్చిన కుడికాలు ఈడ్చి నడిచేది. ఆ కాలితోనే స్వాతిని స్కూలు బస్సు దాకా దిగబెట్టేది. పిల్లకు జ్వరమొస్తే డ్యూటీ మానేసి పక్కనే కూర్చునేది. స్వాతి ఆమెను పిన్నీ అని పిలిచింది గానీ దగ్గరకు రానివ్వలేదు.

కాలేజీలో ఉండగా స్వాతి హిందీలో ఒక నవల రాసింది. సవతి తల్లి అయిన రాణి పిల్లను అడవిలో వదిలేసే పాత కథనే ఈ కాలపు పిల్లల కోసం తిరగరాసింది. ఇందులో ఆ పిల్ల పెరిగి తిరిగొచ్చి, రాణిని ఊరి నడిమధ్య కాలుతున్న పెనం మీద నిలబెడుతుంది. రాణికి కుడికాలు కుంటి. ఒంటికి మందుల వాసన. గడ్డం మీద పుట్టుమచ్చ. అన్నీ అన్నమ్మవే.

పుస్తకం బాగా అమ్ముడుపోయింది. దేవదాసు చర్చిలో అందరికీ పంచాడు. హిందీ చదవడం నెమ్మదైన అన్నమ్మ ఇంకా సగంలో ఉండగానే, సండేస్కూలు పిల్లలు ఆమె వెనక కాలు ఈడ్చి నడవసాగారు.

ఒకరోజు అన్నమ్మ పిల్లల వార్డులో ఒక అమ్మాయికి ఇంజెక్షన్ ఇవ్వబోయింది. ఆ అమ్మాయి తలగడ పక్కన అదే పుస్తకం ఉంది.

"మమ్మీ, లంగ్‌డీ రానీ!" అంటూ, కుంటి రాణే వచ్చిందనుకుని ఆ పిల్ల మంచం మీంచి దూకింది. చేతికున్న సెలైన్ సూది ఊడి నెత్తురు కారింది. తల్లి అన్నమ్మను పక్కకు తోసి, వేరే సిస్టర్‌ను పంపమంది.

అన్నమ్మ ఇంటికొచ్చేసరికి స్వాతి గోళ్లకు రంగు వేసుకుంటోంది.

"స్వాతీ, నేన్నీకేం చేశానమ్మా? ఎప్పుడన్నా కొట్టానా? అన్నం పెట్టలేదా?"

"లేదు పిన్నీ, నువ్వేం చెయ్యలేదు. చేసుంటే నాకింత మెహనత్ ఉండేది కాదు. అంతా కష్టపడి కల్పించుకోవాల్సొచ్చింది."

"మరి నా కాలెందుకు పెట్టావ్?"

"చదివేవాళ్లకి మనిషి కనపడాలి కదా."

అన్నమ్మ భర్త వైపు చూసింది.

"కహానీయే కదే. దానికింత రాద్ధాంతమేంటి?" అని అతను టీవీ సౌండు పెంచాడు.

ఆ నెలలోనే అన్నమ్మ రాయ్‌పూర్ దగ్గరి తిల్దాలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చేరి, అక్కడే గది తీసుకుంది. రైస్ మిల్లు కూలీల పిల్లలు ఆమె చేత భయం లేకుండా సూది వేయించుకునేవారు.

రెండో నవల అచ్చయ్యాక స్వాతి ఆ గది వెతుక్కుంటూ వచ్చింది. అన్నమ్మ ముందు అన్నం తిన్నావా అని అడిగింది. కోడిగుడ్డు పులుసు చేసి దగ్గర కూర్చుని వడ్డించింది. స్వాతి తింటూనే విషయం చెప్పింది.

"కాలేజీలో పెద్ద ఫంక్షన్ పిన్నీ. అందరూ అసలు రాణిని చూడాలంటున్నారు. కాసేపు స్టేజీ మీద నిలబడితే చాలు. మజాగా ఉంటుంది."

"నడుచుకుంటూ ఎక్కాలా?"

"మరి ఎక్కాలి కదా."

"నేను రానమ్మా," అంది అన్నమ్మ. కంచం తీసి కడగడానికి లేచింది.

ఫంక్షన్ రోజు హాలు నిండిపోయింది. స్వాతి మైకు అందుకుంది. పిన్నిని పిలవడానికి తిల్దా దాకా వెళ్లానని, ఆమె గుమ్మంలోంచే గెంటేసిందని, మంచినీళ్లు కూడా ఇవ్వలేదని చెప్పింది. కొందరు ఆడపిల్లలు కళ్లు తుడుచుకున్నారు. ముందు వరసలో దేవదాసు అందరికంటే ముందుగా చప్పట్లు కొట్టాడు.