రెండంగుళాల కొసరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. 1971లో ఆ రోజు వైకుంఠం సారు మా బాపును అనుమానించినప్పుడు, ఎదురుగా ఉన్నది ఆఫీసరని కూడా చూడలేదు.

"మా బాపు పద్నాలుగేండ్లు వాగు కాడ నీళ్ళు కొలిచిండు సార్. ఒక్క దినం నాగా పెట్టలే. దొంగ లెక్క రాసే మనిషి కాదు!"

కృష్ణ నీళ్ళు మహారాష్ట్రకెంత, మైసూరుకెంత, మనకెంత అని ట్రిబ్యునల్ ముందు వాదన నడుస్తున్న కాలమది. మన రాష్ట్రం కాగితాలు టైపు చేసేవాళ్ళలో నేనొకదాన్ని. కృష్ణలో కలిసే ఒక వాగు ఒడ్డున మా బాపు ఈశ్వరయ్య రోజూ పొద్దున్నే కొలబద్ద చూసి నీటిమట్టం రాసిన పుస్తకాలూ వాటిలో ఉన్నాయి. టైపు చేస్తూ ఎంత మురిసిపోయానో! పట్నంలో, మా గౌలిపురలో పాలమ్ముకునే ఇంటి మనిషి రాత ఢిల్లీ దాకా పోయిందని గల్లీ అంతా చెప్పుకున్నాను.

సారు మైసూరు వాళ్ళ జవాబు నా ముందు పెట్టాడు. మీ పుస్తకం ప్రకారమే మీ వాగులో ఇంత నీరుంటే, పైనుంచి మేమింకా ఎందుకు వదలాలని దాని సారాంశం.

"వాగు మీద తక్కిన రెండు చోట్ల లెక్కతోని మీ బాపు లెక్క కలుస్తలేదమ్మా. రోజూ ఎక్కువే. రేపు తోల్కరా, అడుగుదాం," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి బాపు దొడ్లో పాలు పోస్తున్నాడు. రిటైరయ్యాక అదే ఆయన పని. పక్కింటి రుక్మాబాయి గిన్నెలో లీటరు నిండుగా పోసి, అలవాటుగా ఇంకో గుక్కెడు ఒంపాడు. మా ఇళ్ళలో కొసరు వెయ్యకుండా కొలత ముగించరు. ఒట్టి కొలత పోస్తే పాడి నిలవదంటారు.

ఆమె వెళ్ళాక సంగతి చెప్పాను. "నువ్వు రాసింది తప్పంటున్రు బాపు. మస్తు లొల్లి చేసొచ్చిన."

"తప్పెందుకైతది బిడ్డా? కొలబద్ద చూసే రాసిన. దాని మీద రెండంగుళాలు కొసరేసిన," అన్నాడు తాపీగా.



"రోజూనా?"

"రోజూ. గంగమ్మను ఒట్టిగ కొలుస్తమా?"

"మరి వాగు ఎండినప్పుడు?"

"గప్పుడు సున్న రాస్తమా ఏంది? రెండంగుళాలు రాసిన."

అసలు కన్నా కొసరు ముద్దంటారు. ఈ కొసరు అసలుకే ఎసరు పెట్టింది. పద్నాలుగేళ్ళు వాగులో లేని నీళ్ళు పారాయి. వాటిని ఒక్క తప్పూ లేకుండా టైపు చేసింది నేనే.

"గా రెండంగుళాలు చూపిచ్చే మన నీళ్ళు తగ్గియ్యమంటున్రు బాపు!" అని అరిచాను. "కింద రైతులకు ఏం చెప్తవ్?"

బాపు ముఖం పాలిపోయింది. "ఎక్కువ రాస్తే తక్కువిస్తరా? గిట్లైతదని నాకేం ఎరుక బిడ్డా?"

మర్నాడు ఆఫీసులో చేతులు కట్టుకుని అంతా చెప్పాడు. "అన్నిట్ల రెండంగుళాలు తీసెయ్యిండ్రి సార్. మిగిలింది నికరం."

వైకుంఠం సారు తల పట్టుకున్నాడు. "గది మనం ఒప్పుకుంటే మైసూరోళ్ళు నీ పుస్తకం మొత్తం పనికిరాదంటరు ఈశ్వరయ్యా. ఒప్పుకోకపోతే నీళ్ళున్నయంటరు. ఎట్లయినా మునిగినం."

మొత్తం అనే మాట దగ్గర బాపు బల్ల అంచు పట్టుకున్నాడు. జ్వరమొచ్చినా, వాన కొట్టినా ఒడ్డుకు వెళ్ళిన పద్నాలుగేళ్ళు అవి.

ఆ మరుసటి పొద్దున రుక్మాబాయి గిన్నె పట్టింది. బాపు లీటరు పోసి, కొలత గిన్నె పక్కన పెట్టేశాడు. ఆమె గిన్నె వెనక్కి తీయలేదు.

"కొసరేది ఈశ్వరన్నా?"

"కొలత గంతే అమ్మా," అన్నాడు బాపు.

రుక్మాబాయి నోరు తెరుచుకుని నా వైపు చూసింది. నాకు ఏడుపొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.