చేపల రేవుకి ఒక్క పెట్టె

విమానాశ్రయంలో సామాను బెల్టు దగ్గర పని కాబట్టి ఆ వీధిలో అందరూ ఆయన్ని బెల్టాయన అనేవాళ్ళు. పొద్దున్నే లేచి, టీలో రొట్టె ముంచుకు తిని, నారింజ రంగు చొక్కా తొడుక్కుని బస్సెక్కేవాడు. ఇక పొద్దుగూకేదాకా పెట్టెలే పెట్టెలు. విమానం కడుపులోంచి బండి మీదికి, బండి మీంచి బెల్టు మీదికి. ఎన్నెన్ని దేశాల సామానో ఆయన చేతుల మీదుగా వెళ్ళింది గానీ, ఆయన మాత్రం ఒక్క విమానం ఎక్కిన పాపాన పోలేదు. "పెట్టెకున్న పాటి అదృష్టం నాకు లేదే" అని భార్యతో అంటుండేవాడు. ఏడుస్తూ కాదు, నవ్వుతూనే.

భార్య ఇంట్లోనే మిషను కుట్టేది. కొత్త బట్టలు కాదు. పొడుగైన ప్యాంట్లు పొట్టి చెయ్యడం, బిగుతైన నడుములు వదులు చెయ్యడం, పాడైన జిప్పులు మార్చడం. ఒక్కగానొక్క కూతురికి కళ్ళద్దాల దుకాణంలో ఉద్యోగం. ఆ ఏడు ఎలాగైనా ముగ్గురూ కలిసి పరాయి దేశం ఒకటి చూసి రావాలనుకున్నారు. నాలుగు రోజులు చాలు, చవగ్గా అయిపోవాలి, దుకాణం వాళ్ళు కూతురికి వేసవిలో ఇచ్చే సెలవుల్లో పడాలి. ఇంతే కోరిక. ఈ మాత్రం దానికి ఆ ఇంట్లో ఎంత రభస జరిగిందో చెబితే నమ్మరు.

"దీవికి వెళ్దాం," అంది కూతురు. "హాయిగా సముద్రం ఒడ్డున పడుకోవచ్చు."

"పడుకోవడానికి అంత దూరం వెళ్ళాలా? ఆ పనేదో ఇక్కడే చెయ్యొచ్చు," అంది తల్లి. ఆవిడ మనసంతా కొండల మీద ఉంది.

"మీ ఇష్టం," అన్నాడు బెల్టాయన. "నా పెట్టె ఇంకెవడో ఎత్తుతుంటే నేను కుర్చీలో కూర్చుని చూడాలి. నాకు అదొక్కటి చాలు."

చివరికి కూతురి మాటే నెగ్గింది. దీవికే, వేసవి సెలవుల్లో, ఖాయం అనుకుని పడుకున్నారు.

ప్రయాణం ఖాయం అనుకున్న మర్నాడు దాని గుర్తులు ఒంటి మీదికి ముందే వచ్చేస్తాయి కదా. అందుకే టికెట్లమ్మే దుకాణాల్లో డబ్బు పుచ్చుకునే ముందు "గుర్తులు చూసుకున్నారా?" అని అడుగుతారు, తర్వాత వద్దంటే పైసా వెనక్కి రాదు. ఎదురింటి పిన్నిగారు ఒకసారి ఓడ ప్రయాణం ఖాయం చేసుకుని, మర్నాడంతా గోడలు పట్టుకుని నడుస్తూ ఒకటే వాంతులు. మొత్తుకుని సాయంత్రానికి మానుకుంది. తెల్లారేసరికి నిటారుగా నడిచెళ్ళి పాలు తెచ్చుకుంది.

దీవి ఖాయమైన మర్నాడు కూతురి ముక్కు మీద తోలు ఊడుతోంది. తల్లి మెడ ఎర్రగా కమిలిపోయి చెయ్యి వేస్తే మండుతోంది. బెల్టాయన ఒంటి మీద మాత్రం ఏమీ లేదు. కూతురు ఆయన చొక్కా విప్పించి వెనకా ముందూ చూసింది.

"రన్‌వే మీద ఎండలో కాలి కాలి ఉన్న తోలు తల్లీ ఇది. దీవి ఎండ దీన్నేం చేస్తుంది?" అన్నాడాయన.

"మీది మనిషి తోలేనా ఏమన్నా?" అంది భార్య. ముగ్గురూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

ఆ మంట భరించడం తన వల్ల కాదని తల్లి పట్టుబట్టడంతో కొండల దేశం అనుకున్నారు. మర్నాడు తల్లీకూతుళ్ళకి పిక్కలు పట్టేశాయి, మడమల మీద బొబ్బలు లేచాయి. ఆయన చక్కగా మెట్లు దిగి పనికెళ్ళిపోయాడు. బరువులెత్తే కాళ్ళు కాబట్టి కొండలు ఒక లెక్కా అనుకున్నారు. అనుకున్నారే గానీ ఈసారి ఎవరూ పెద్దగా నవ్వలేదు. బొబ్బలతో సెలవులేమిటని కూతురు పెదవి విరిచింది. సరే, రాతి కోటలున్న ఊరైతే బస్సులో కూర్చునే అన్నీ చూడొచ్చు కదా అని దాన్ని ఖాయం చేశారు. అక్కడ వేసవిలో విడవకుండా వానలట. తెల్లారేసరికి తల్లికీ కూతురికీ జలుబు, తుమ్ముల మీద తుమ్ములు. బెల్టాయన ముక్కు పొడిగా, శుభ్రంగా ఉంది. ఎంత మందం తోలైనా జలుబుని ఆపలేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

ఆ వారమే భార్య ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి విన్నాడు, యంత్రం కక్కిన కాగితం చూశాడు, ఆకలి ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది అని అడిగాడు. అదే గొంతుతో, "ప్రయాణాలేమైనా అనుకున్నారా?" అన్నాడు.

"వేసవిలో అనుకున్నామండీ," అంది భార్య. "మాకిద్దరికీ గుర్తులొచ్చాయి. ఈయనకి రాలేదు. మూడు చోట్లు మార్చి చూశాం."

రాస్తున్న కలం ఆగింది. డాక్టరు యంత్రం కాగితం ఇంకోసారి చూసి, మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు. "మాత్రలు వేసుకోండి. బరువులు ఎత్తకండి."

"నా ఉద్యోగమే అదండీ," అన్నాడు బెల్టాయన.

మాత్రలు వేసుకున్నాక ఆశ చావక మళ్ళీ దీవి ఖాయం చేసి చూశారు. మళ్ళీ అంతే. కూతురు వంటగదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. బయటికొచ్చి ఇంక సెలవుల మాట ఎత్తొద్దంది. ఆ పిల్ల దుఃఖం ఆ పిల్లది, తప్పు పట్టడానికి లేదు. కానీ తల్లి అలా ఊరుకునే మనిషి కాదు. మిషను ముందు కూర్చుని ఎవరి ప్యాంటు అంచో కుడుతూ ఆలోచించింది. ఎన్ని ఊళ్ళు మార్చారు గానీ, వేసవి సెలవుల్ని మాత్రం మార్చలేదు. ఊరిదేం లేదు. అప్పటికి ఆయన ఉండడు. ఆ మాట మనసులో అనుకునేసరికి సూది వేలిలో దిగింది.

మధ్యాహ్నం ఆవిడ టికెట్ల దుకాణానికి వెళ్ళి, వచ్చే వారం ఎక్కడికి దొరుకుతాయో అడిగింది. ఏ దేశమైనా సరే, మా తాహతుకి తగ్గట్టుండాలి అంది. దుకాణంవాడు తల గోక్కుని చేపల రేవు పేరు చెప్పాడు. పక్క దేశంలో చలిగాలి కొట్టే చిన్న ఊరు. ఈ కాలంలో అక్కడికి వెళ్ళేవాళ్ళు ఎవరూ ఉండరని, అందుకే సగం ధరకి ఇస్తున్నారని దాచకుండా చెప్పాడు.

"చేపల రేవా?" అంది కూతురు సాయంత్రం. "అమ్మా, అక్కడ చూడ్డానికి ఏముంది?"

"చేపలుంటాయి," అంది తల్లి.

కూతురికి వెంటనే సెలవు ఇవ్వలేమన్నారు దుకాణం వాళ్ళు, కావాలంటే ఉద్యోగం వదులుకోమన్నారు. అందుకని మొగుడూ పెళ్ళాలు ఇద్దరే వెళ్ళడానికి, వచ్చే వారమే, ఖాయం చేసుకున్నారు.

తెల్లారేసరికి బెల్టాయన చెవులు రెండూ ఎర్రగా ఉన్నాయి. పెదాలు చలికి పగిలాయి. నాలిక పెట్టి చూసుకుంటే ఉప్పగా తగిలింది. అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి పెళ్ళికొడుకులా చూసుకున్నాడు. కిటికీ తెరిచి ఎదురింటి పిన్నిగారిని కేకేసి మరీ చెవులు చూపించాడు. "బాగా పండాయి," అందావిడ. కూతురు ఆయన చెవులు రెండూ పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఎన్నాళ్ళకో ఈలవేస్తూ పనికెళ్ళింది.

భార్య మాత్రం వంటగదిలోంచి రాలేదు. ఆయన వెళ్ళేసరికి గిన్నెలో నీళ్ళు మరిగిపోతున్నాయి. ఆవిడ పిడికిళ్ళు బిగించుకుని నిలబడి ఉంది.

"ఏమైందే? ఏదీ, నీ గుర్తులు చూపించు."

"ఏం లేదండీ. నాకేం రాలేదు."

ఆయన పిడికిళ్ళు విప్పించాడు. రెండు అరచేతుల్లోనూ అడ్డంగా ఎర్రటి గీతలు, తోలు లేచిపోయేంత లోతుగా. అవేమిటో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పెట్టెల పిడుల గుర్తులవి. ఒక చేతికి ఆవిడ పెట్టె, రెండో చేతికి ఆయన పెట్టె. చాలా దూరం మోసిన చేతులు.

"నేనుండగా నీ చేత ఎప్పుడైనా పెట్టె మోయించానా?" అన్నాడు నెమ్మదిగా.

ఆవిడ లేదని తల ఊపింది. "మానేద్దామండీ. టికెట్లు ఇంకా కొనలేదు. ఇప్పుడే వెళ్ళి వద్దని చెప్పొస్తాను."

"మానేస్తే నీ చేతులు బాగుపడతాయి. నా సంగతి ఏం మారుతుంది?"

"ఇంట్లో ఉంటారు. మా కళ్ళ ముందు ఉంటారు."

"ఇంట్లో ఎక్కడుంటాను, బెల్టు దగ్గరుంటాను. ఆ పెట్టెల మధ్య పడిపోతే సామాను ఆలస్యమైందని జనం తిట్టుకుంటారు." చెవి తడుముకున్నాడు. "చెవులు ఇంత ఎర్రబడ్డాయంటే ఆ గాలిలో నేను చాలాసేపు నిలబడి ఉంటాను. నిలబడి చూడాలనుందే నాకు. భయంగానూ ఉంది. రెండూ ఉన్నాయి."

ఆవిడ అప్పుడు ఏడ్చింది, గట్టిగానే. ఆయన పొయ్యి ఆపి, ఆ అరచేతులు తన చేతుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మాయిని కూడా రమ్మందాం," అంది ఆవిడ కాసేపటికి. "ఉద్యోగం పోతే పోనీ."

"వస్తే దాని చేతుల మీదా పడతాయి ఇవి. వద్దు. దానికి ఇప్పుడే చెప్పకు."

ఆ రోజు ఆయన పనికి వెళ్ళలేదు. అటక మీంచి పెట్టెలు రెండూ దింపి, పెద్దదాన్ని మళ్ళీ అటకెక్కించేశాడు. చిన్నదాన్ని మంచం మీద తెరిచి, ఆవిడ కోటు, ఆవిడ ఉన్ని మేజోళ్ళు, ఆవిడ చెప్పులు సర్దాడు. మూల కాస్త ఖాళీలో తన చొక్కా ఒకటి మడిచి పెట్టి, మూత వేసి, పిడి పట్టి ఎత్తి చూశాడు. తెరిచి ఆవిడ చెప్పులు తీసేసి, కాళ్ళకి ఉన్నవి చాలన్నాడు. మళ్ళీ ఎత్తి చూశాడు. జీవితమంతా చేసిన పని కాబట్టి తూచే యంత్రంతో అవసరం లేకపోయింది.

"ఒక్క చొక్కాతో ఎలాగండీ, చలి అంటున్నారు," అంది భార్య.

"ఇంకోటి తొడుక్కునే వెళ్తాను. సరిపోతుంది."

ఆవిడ మిషను దగ్గర కూర్చుని మెత్తటి గుడ్డముక్క ఒకటి వెతికి, పెట్టె పిడికి చుట్టి కుట్టింది. ఆయన పక్కన కూర్చుని దారం అందించాడు. ఒక్క పెట్టెతోనే వెళ్తున్నామని ఇద్దరూ పైకి అనుకుని, ఖాయం చేసుకుని పడుకున్నారు.

మర్నాడు ఆయనే ముందు లేచి, నిద్రపోతున్న ఆవిడ పిడికిళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. ఎడమ అరచేతిలో ఏమీ లేదు. కుడిదాంట్లో సన్నటి గులాబీ గీత ఉంది, కూరగాయల సంచీ మోసుకొస్తే పడేలాంటిది. ఆ కదలికకి ఆవిడకి మెలకువ వచ్చింది.

"నొప్పిగా ఉందా?" అని అడిగాడు.

"లేదండీ," అంది.

ఆయన ఆ గీత మీద వేలితో నొక్కి చూసి, మరోసారి అడిగాడు. మరోసారి లేదంది. అప్పుడు ఆయన నమ్మకంగా తల ఊపి, ఎర్రటి చెవులతో మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు.