ఎసట్లో పోసే ముందు

మా అవ్వ చంద్రవ్వకు కొత్త మనిషంటే ముందు తిండి, తర్వాతే పేరు. మెక్సికో నుంచి వచ్చిన మర్సెలినాను రెంజల్‌లో మా ఇంటికి నేను తీసుకురాగానే, మొక్కజొన్న రవ్వతో వండే మక్కగట్కకు ఎసరు పెట్టేసింది.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు మా వాకిలి ముందు నుంచే పోయే రోజుల్లో పొద్దూమాపూ గట్కే. ఇప్పుడు బండ్లూ లేవు, గట్కా లేదు. పొయ్యి మీద ఆ కుండ చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది.

నేను నిజామాబాద్‌లో విత్తనాల సంఘంలో పనిచేస్తాను. మా సభకు వచ్చిన మర్సెలినా అక్కడి మూలవాసుల్లో నహువా తెగ మనిషి. మక్కకు పుట్టిల్లు వాళ్ల దేశమే. బడిలో వాళ్ల నహువాట్ల్ మాట్లాడితే కొట్టేవారని వాళ్లమ్మ పిల్లలకు ఆ భాష నేర్పలేదట. అమ్మమ్మకేమో అది తప్ప ఇంకోటి వచ్చేది కాదు. "ఒకే ఇంట్లో ఉండి ఆమెతో మాట్లాడలేకపోయాను" అని దారి పొడుగునా అదే బాధ.

అవ్వ మక్కరవ్వ చెరిగి, దోసిట్లోకి తీసుకుని, ఉఫ్‌మని ఊది ఎసట్లో పోసింది. మర్సెలినా చటుక్కున లేచింది. కళ్లనిండా నీళ్లు.

"మా అమ్మమ్మ ఇలాగే ఊదేది. మక్కలు నిప్పుకు భయపడతాయని, మన ఊపిరిచ్చి ధైర్యం చెప్పాలని ఆమె నమ్మకమని అమ్మ చెప్పింది. ఆమె పోయాక ఇంకెవరూ చేయగా చూడలేదు. మీవాళ్లూ చేస్తారా?" అని ఇంగ్లిష్‌లో అడిగింది.

అవ్వ ఊదింది పొట్టు పోవడానికి. చిన్నప్పుడు ఆ పొట్టు నా జడలో పడితే బడిలో అందరూ నవ్వేవాళ్లు.

"గామె ఎందుకేడుస్తున్నదే? పొగ తలిగిందా?" అంది అవ్వ.

సంగతి చెప్పాను.

"అయ్యో, నేను పొట్టు ఊదిన బిడ్డా!" అని, మర్సెలినా ముఖం చూసి గొంతు తగ్గించింది. "గా ముచ్చట మాత్రం ఆమెకు చెప్పకు."

"అబద్ధం ఎట్ల చెప్పాలె అవ్వా?" విత్తనం పేరు తప్పు చెబితేనే సభలో పోట్లాడే దాన్ని నేను.

"అబద్ధమెందుకైతది? జర జరుగు."

మర్సెలినాను పక్కన కూర్చోబెట్టుకుని, మిగిలిన రవ్వ ఆమె దోసిట్లో పోసింది. పొట్టు కాస్త కూడా లేని రవ్వ. అవ్వ దాని మీదికి వంగింది.

"బుగులు పడకుండ్రి తల్లీ, నిప్పుకు భయమొద్దు" అని రవ్వకు మెల్లగా చెప్పి ఊదింది. మర్సెలినా కూడా ఊదింది. ఇద్దరూ కలిసి ఎసట్లో పోశారు.

మర్సెలినా నా వైపు తిరిగి "మీవాళ్లూ చేస్తారా?" అని మళ్లీ అడిగింది.

"చేస్తారు" అన్నాను. అప్పటికి అది నిజమే.