రబ్బరమ్మ తుడిచిన ప్రశ్న

పిల్లలు నాకు పెట్టిన పేరు రబ్బరమ్మ. నా ముఖం మీద ఎవరూ అనరు. మెట్ల మీద వాళ్లు గుసగుసలాడేది నా గదిలోకి వినిపిస్తుందని వాళ్లకి తెలియదు, అంతే. స్కూల్లో పుస్తకాల గది నాది. బడి తెరిచినప్పుడు పాఠ్యపుస్తకాలు నంబర్లు చూసి ఇస్తాను, పరీక్షలయ్యాక వెనక్కి తీసుకుంటాను, మరుసటి ఏడు అవే ఇంకొకరికి ఇస్తాను. ఈ మధ్యలో ఊడిన అట్టలు అతికించడం, చిరిగిన పేజీలకు గమ్ము రాయడం, పెన్సిలు రాతలు తుడవడం నా పని. పందొమ్మిదేళ్లుగా ఇదే. ఒకసారి తనిఖీకి వచ్చినాయన నా బీరువా చూసి "ఇవి కొత్తవా?" అని అడిగాడు. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు.

నన్ను విసిగించేది తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం ఒక్కటే. మూసి పక్కనుంచి చూస్తే అంచులన్నీ తెల్లగా ఉండి, నడుమ ఒక్కచోట మాత్రం నల్లగా మాసి ఉంటుంది. అది పదకొండో పాఠం, 'ఎదిగే వయసు'. మా సైన్సు మాస్టారు ఏటా "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అనేసి పదో పాఠం నుంచి పన్నెండుకి దూకుతాడు. చెప్పని ఆ పాఠాన్ని పిల్లలు ఎన్నిసార్లు తిరగేశారో ఆ మురికే చెబుతుంది. పెన్సిలు రాతలూ అక్కడే ఎక్కువ. చదవకుండా తుడిచేస్తానని అందరితో అంటాను. కళ్లుండగా చదవకుండా ఎలా ఉంటాం?

పరీక్షలయ్యాక ఒక రోజు పొద్దున్నే మా చెల్లెలి కూతురు నా పుస్తకాల గదిలోకి ఊడిపడింది. పిల్లలకి ఈ వయసు సంగతులు బళ్లోనే చెప్పాలని ప్రభుత్వం వెంటపడే చిన్న సంస్థలో పనిచేస్తుంది. ఏ మాటకైనా ఎదురు మాట ఉంటుంది కాబట్టి ఇంట్లో దాన్ని లాయరమ్మ అంటాం.

"పెద్దమ్మా, పదకొండో పాఠం తీసేస్తారట. రేపు పాఠ్యపుస్తకాల కమిటీ ముందు విచారణ," అంది చెప్పులైనా విప్పకుండా.

"తీసేస్తే తీసేయనీ. నాకు తుడిచే పని తప్పుతుంది."

"ఎందుకు తీసేస్తున్నారో అడగవేం? తనిఖీ ఫారంలో 'ఈ పాఠంపై పిల్లలు అడిగిన ప్రశ్నలు' అని ఒక గడి ఉంది. రాష్ట్రంలో స్కూళ్లన్నీ అందులో 'లేవు' అని రాశాయి. అడగనివాళ్లకి పాఠమెందుకంటున్నారు. ఆ 'లేవు' రాసే మహానుభావులెవరో ఒక్కరైనా దొరికితే..."

"మా స్కూలుకి నేనే," అన్నాను.

లాయరమ్మకి మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

"మాస్టారు ఫారం నా బల్ల మీద పడేసి వెళ్తాడు. నన్నెవరూ ఏమీ అడగలేదు. లేవనే రాశాను," అన్నాను. నా గొంతు నాకే తగాదాకి దిగినట్టు వినిపించింది.

లాయరమ్మ నేనింకా తుడవని దొంతరలోంచి ఒక పుస్తకం లాగి, నల్లంచు దగ్గర విప్పి నా ముందు పెట్టింది. పేజీ పక్కన వెలిసిపోయిన చిన్న అక్షరాలు: "ఇది నాకొక్కదానికేనా?" దాని కింద వేరే చేతిరాత, కొత్తది: "నాక్కూడా." అంటే అంతకుముందు ఏడాది పిల్ల ఎవరో రాసిన ప్రశ్న నా రబ్బరు కింద నుంచి తప్పించుకుంది. ఏటా ఒక పిల్ల నాకొక్కదానికేనా అని అడగడం, ఇంకో పిల్ల కాదని చెప్పడం, రెండూ నేను శుభ్రంగా తుడిచి మూడో పిల్ల చేతికి తెల్ల పేజీ ఇవ్వడం. చేతిలో రబ్బరు ఎక్కడ పెట్టాలో తోచక జాకెట్టులో దోపుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. కిందటి వారం నేను తుడిచిన వాటిలో ఒకదాన్ని మాత్రం రెండుసార్లు చదివాను. గట్టిగా నొక్కి రాసిన రాత. తుడుస్తుంటే చెయ్యి నొప్పెట్టి తిట్టుకున్నాను కూడా.

నేను తుడిచిన పుస్తకాలన్నీ ఇద్దరం ఒక్కొక్కటే కిటికీ దగ్గర వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూశాం. మధ్యాహ్నానికి దొరికింది. ఎనభై మూడో నంబరు. సీసం పోయింది కానీ కాగితంలో గాడి మిగిలింది: "నెల నుంచి రక్తం ఆగట్లేదు. అమ్మకి చెప్పలేదు. చచ్చిపోతానా?"

"రిజిస్టరు తియ్యి. ఎనభై మూడు ఎవరిదో చూద్దాం," అంది లాయరమ్మ.

"తియ్యను. పేరు తెలియదనే ధైర్యంతో రాసింది. నేను వెళ్లి తలుపు కొడితే ఇంకే పిల్లైనా రాస్తుందా?"

"మా పద్ధతి కూడా అదే, అడిగినవాళ్లని వెతకకూడదు. కానీ..." అని ఆగిపోయింది. వెతకడం తప్పా, వెతకకపోవడం తప్పా? నా బుర్ర ఎటూ తేల్చలేదు. రేపు నన్నూ సాక్ష్యానికి తీసుకెళ్తానంది లాయరమ్మ; కమిటీలో ఎవరో డాక్టరుంటారు, అడుగుదాం అనుకున్నాం. అది పస లేని ఆలోచనని ఇద్దరికీ తెలుసు.

విచారణ గదిలో పొడవాటి బల్ల, మూతలు పెట్టిన నీళ్ల గ్లాసులు, బల్లకి అవతల ఐదుగురు. డాక్టరన్న ఆవిడ కుర్చీ ఖాళీ, ఆ రోజు రాలేదట. బయల్దేరే ముందు పుస్తకం మీది నంబరు చీటీ గోటితో గీకేశాను. నంబరు వెయ్యడమే గానీ చెరపడం నాకు అదే మొదటిసారి.

అధ్యక్షుడు పెద్దమనిషే, గొంతు మెత్తన. పాఠం పేరు ఒక్కసారైనా పలకలేదు. "ఆ పాఠం" అన్నాడు, "ఆ అంశం" అన్నాడు, చివరికి "అది" దగ్గర ఆగాడు.

"అమ్మా, పందొమ్మిదేళ్లలో అది... దాని గురించి పిల్లలెవరైనా మిమ్మల్ని ఏమైనా అడిగారా?"

"లేదండీ," అనేశాను.

గడిలో రాసి రాసి అలవాటైన మాట నోట్లోంచి జారిపోయింది. పక్కన లాయరమ్మ కళ్లు మూసుకుంది. రాసుకునే గుమాస్తా రాసేసుకున్నాడు.

"కాదండీ, అడిగారు. నన్ను కాదు, పుస్తకాన్ని అడిగారు," అన్నాను లేచి నిలబడి. పుస్తకం తీసుకెళ్లి ఆయన ముందు పెట్టి, "ఇలా వాల్చి చూడండి," అన్నాను.

ఆయన వాల్చాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. పెదాలు కదిలాయి కానీ పైకి చదవలేదు.

"ఎవరిదిది?"

"తెలియదు."

"ఎవరికిచ్చారో రాసుకుంటారుగా?"

"రాసుకుంటాను. రిజిస్టర్లో ఉంది. చూడలేదు."

"ఎందుకు చూడలేదు?"

మంచి ప్రశ్నే. పిల్లల గుట్టు కాపాడడానికని నిన్నంతా అనుకున్నాను. ఆ గదిలో అందరూ నా వంక చూస్తుంటే ఆ జవాబు అబద్ధమని నాకే తెలిసిపోయింది. పేరు తెలిస్తే ఆ పిల్ల ఎదురుగా నిలబడి నేను మాట్లాడాలి. మాట్లాడాలంటే నాకు భయం. మా మాస్టారికీ అదే భయం, ఈయనకీ అదే. మా అందరి భయానికీ గుట్టని పేరు పెట్టుకుని పందొమ్మిదేళ్లు హాయిగా గడిపేశాను.

"మరి దానికి జవాబు ఏం చెప్పారు?" అన్నాడాయన నెమ్మదిగా.

"తుడిచేశానండీ," అన్నాను. పుస్తకం ఆయన చేతిలోంచి తీసుకుని బయటికి నడిచాను. వెనక నుంచి లాయరమ్మ "పెద్దమ్మా!" అంటోంది, ఎవరో "ఇంకా అయిపోలేదమ్మా" అంటున్నారు. పాఠం ఉంచుతారో తీసేస్తారో నాకు తెలియదు. నా "లేదండీ" కొట్టేశారో ఉంచారో కూడా తెలియదు.

స్కూలుకెళ్లి రిజిస్టరు తీశాను. ఎనభై మూడుకి ఎదురుగా నా చేతిరాతతోనే పేరుంది. చివరి బెంచీ పిల్ల. పరీక్షల ముందు రెండు వారాలు బడికి రాలేదు. పుస్తకం ఆలస్యంగా తెచ్చిందని నేనే గదమాయించాను.

రెండు వీధుల అవతల మేడ మీద ఇల్లు. తలుపు ఆ పిల్లే తీసింది. ముఖం సున్నం కొట్టినట్టుంది, ఒక చెయ్యి గోడకి ఆనించి నిలబడింది. నన్ను చూసి, నా చేతిలో పుస్తకం చూసి బిక్కచచ్చిపోయింది.

"తప్పయిపోయిందండీ," అంది. "ఇంకెప్పుడూ పుస్తకంలో రాయను. రబ్బరుంది, ఇప్పుడే తుడిచేస్తాను. అమ్మకి చెప్పకండి."

చెయ్యి చాచింది, పుస్తకం ఇమ్మని.

నాకు ఏడుపొచ్చింది. ఇవ్వాలో వద్దో తెలియక పుస్తకం గుండెకి అదుముకున్నాను.

"నేను తుడిచేశానమ్మా, నాదే తప్పు," అన్నాను. "కూర్చో, నిలబడకు. ఆస్పత్రికి వెళ్దాం, అమ్మకి నేను చెబుతాను. ముందు నువ్వు రాసింది నాకు నోటితో చెప్పు. ఈసారి వింటాను."