నెవిల్ రాసిన స్క్రిప్టు

"ఆ అమ్మాయి తొమ్మిదింటికల్లా వచ్చేస్తుంది. చీజ్ స్కోన్లు చేసి పెట్టు" అని నెవిల్ గమ్‌బూట్లు తొడుక్కున్నాడు. రేవిన్ ఆ చిన్న రొట్టెల కోసం పిండిలో వెన్న నలుపుతూ తలూపింది. ఇన్నేళ్ల కాపురంలో పెళ్లానికి వేడివేడిగా ఏదైనా తినాలనిపిస్తుందేమోనని ఆ మనిషికి ఒక్కసారీ తట్టలేదు.

ఆ అమ్మాయి పేరు బ్రయోనీ. పాలు పితికే రోబోలు మొరాయిస్తే కంపెనీ పంపే మెకానిక్కు. వ్యాను దిగి, నేరుగా పాలషెడ్డు పక్క గదిలోకి పోయి, రేవిన్ రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుంది. నెవిల్ ఆమె వెనకాల బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఏం చెప్పినా "అలాగా?" అంటున్నాడు. ఆ 'అలాగా' విన్నప్పుడల్లా స్కోన్ల ప్లేటు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ రేవిన్ మనసులో లెక్కపెట్టుకుంది. తనతో ఏనాడైనా ఆ మాటన్నాడా? నిన్న తను "సెట్టింగుల్లో తేడా ఉన్నట్టుంది, చూస్తానుండు" అంటే, "నువ్వు కెలక్కే తల్లీ, తెలిసినవాళ్లను పిలిచా" అన్నది ఈ నోరే.

రెండు తొలిచూలు ఆవుల పాలు ట్యాంకులోకి చేరకుండా మోరీలోకి పోతున్నాయి. ఎందుకో రేవిన్‌కు తెలుసు. మెడపట్టీలోని నంబరును బట్టే రోబో ఆవును గుర్తుపడుతుంది. మందు వాడిన ఆవు పాలను పారబోయమని రోబోను నడిపే ఆదేశాల స్క్రిప్టులో ఉంటుంది. పొదుగువాపుతో చచ్చిపోయిన రెండు ఆవుల మెడపట్టీలు విప్పి, కొత్తవెందుకులే అని నెవిల్ వీటికి తగిలించాడు. కంప్యూటరుకు చెప్పడం మరిచాడు. దాని లెక్కలో చచ్చిన ఆవులే ఇంకా మందుల మీదున్నాయి.

"ఈ ఆవులకు సూదులేమైనా వేయించారా, నెవిల్ గారూ?"

"అబ్బే, లేదమ్మాయ్!"

బ్రయోనీ గొట్టాలూ వాల్వులూ చూడ్డానికి షెడ్డులోకి వెళ్లింది. రేవిన్ గుమ్మంలోంచి తప్పుకుని దారిచ్చింది. వెతకనీ. తెల్లమొహం వేయనీ. ఈ పిల్లకూ ఏమీ తెలియదని అతను చూడనీ. ఇంత నీచంగా ఎప్పటినుంచి ఆలోచిస్తున్నానని ఒక్క క్షణం సిగ్గుపడింది. అయినా ఎదురుచూసింది.

తిరిగొచ్చిన బ్రయోనీ పెదవి విరిచింది. "నాకేం అంతుపట్టడం లేదండీ."

"పర్లేదమ్మా, తొందరేముంది? మాయదారి మిషను, ఎవరికైనా కష్టమే. రే, టీ ఇవ్వవే అమ్మాయికి!"

ఎవరికైనా కష్టమేనట. అదే తనైతే? కూర మాడిన రోజు తన చదువు దాకా పోయిన మనిషి.

బ్రయోనీ మళ్లీ కూర్చుని, తెరమీద స్క్రిప్టును కిందికి జరుపుతూ ఆగింది. "ఇదేంటండీ? పెద్దావులు కుమ్మి తరమకుండా, పిరికి ఆవులకు గేటు ముందే తెరుచుకునేలా పెట్టారు. ఇది మా కంపెనీ ఇచ్చింది కాదే! ఎంత బాగా రాశారు! పక్కన నెవిల్ అనుంది, మీరేనా?"

డెయిరీ ఫారం తన పేరు మీదుంటే కంప్యూటర్లో ఇంకొకరి పేరెందుకని, ఒక్క తన పేరే పెట్టించిన నెవిల్ గడ్డం గోక్కున్నాడు. "ఏదో... ఓపిగ్గా కూర్చున్నాలే."

పొద్దుటినుంచీ ఆ పిల్ల మీదున్న అసూయ అక్కడితో దారి మళ్లింది. ఇప్పుడు రేవిన్‌కు తెరమీది ఆ నెవిల్‌ను చూస్తే ఒళ్లు మండింది. ఆ స్క్రిప్టు రాస్తూ తను కూర్చున్న సాయంత్రాలన్నీ వాడివి. తన తెలివి వాడిది. ఇప్పుడొచ్చిన మెప్పూ వాడిదే.

ఆమె ప్లేటు బల్లమీద పెట్టింది.

"బ్రయోనీ, కాస్త లేమ్మా. ఆయన్ను కూర్చోనీ. అంత రాసినవాడికి ఇదెంతసేపు? తనే సరిచేసుకుంటాడు."

"రే, ఇప్పుడెందుకే..." అన్నాడు నెవిల్.

"మేమిద్దరం చూస్తాం. కూర్చో."

బ్రయోనీ ఒకసారి అతన్నీ ఒకసారి ఆమెనూ చూసి, మెల్లగా లేచింది. నెవిల్ కూర్చున్నాడు. చేతులు కీబోర్డు మీదికి పోలేదు. బయట మోరీలో పాలు పారుతున్న చప్పుడు గదిలోకి వినిపిస్తోంది. రేవిన్ విన్నది. కదల్లేదు.